కవరు చుట్టి గంటసేపు

ఇరవై ఏళ్ళుగా నేను మోస్తున్న బరువు ఎంతంటే, ఒక గంట. పదకొండుకి మొదలై పన్నెండుకి ముగిసిన ఒకే ఒక్క గంట. ఆ గంటలో నేను ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఒక అమ్మాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని గోడ గడియారం చూశాను. అంతే. అయినా ఆ గంట ఇప్పటికీ పూర్తి కాలేదు నాకు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముందైతే సగంలో ఆపి, కాఫీ పెట్టుకొస్తానంటూ లేచిపోతాను. చాలాసార్లు అలాగే లేచిపోయాను కూడా.

అప్పట్లో నేను బందరులో ఒక చర్మవ్యాధుల క్లినిక్కులో పనిచేసేదాన్ని. పేరు అనవసరం, ఇప్పుడది లేదు. అందరూ నన్ను నర్సమ్మ అనేవారు. నేను నర్సింగు చదవలేదు. ఇంటరు తప్పి, ఒక ఆసుపత్రిలో కట్లు కట్టడం దగ్గర మొదలుపెట్టి, చూసి చూసి నేర్చుకున్నాను. మా నాన్న తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. "మనింట్లో ఎవరూ ఏ పనీ మాట పడేలా చెయ్యలేదు" అని చెప్పుకునేవాడు. నేనూ చెప్పుకునేదాన్ని.

డాక్టరు గారు మంగళవారం మంగళవారం బెజవాడ నుంచి వచ్చేవారు. నెమ్మదైన మనిషి. తామర, గజ్జి, మొటిమలు, బొల్లి, ఇవే ఎక్కువ. అరచేతులకి విపరీతంగా చెమటలు పట్టేవాళ్ళు అప్పుడప్పుడూ వచ్చేవారు. అదీ ఒక జబ్బేనా అని నవ్వేవాళ్ళుంటారు. మొదట్లో నేనూ నవ్వాను. ఎండాకాలం చెమటలు కావవి. మాఘమాసంలో ఫ్యాను కింద కూర్చున్నా చేతివేళ్ళ చివర్ల నుంచి చుక్కలు కారతాయి. ఆ చుక్కలు నేల మీద పడటం చూశాక నవ్వు మానేశాను.

దానికి ఒక ఇంజెక్షను అప్పుడప్పుడే వచ్చింది. ఒక్క సూదితో అయిపోయేది కాదు. అరచేతి నిండా, వేళ్ళ కణుపుల మీద కూడా, వేలెడు వేలెడు దూరంలో చర్మం కిందకి కొంచెం కొంచెంగా ఎక్కించుకుంటూ పోవాలి. ఒక్కో చేతికి నలభై పోట్ల దాకా పడతాయి. ఆరునెలల పాటు చెయ్యి పొడిగా ఉంటుంది. ఆరునెలలు పొడిగా ఉండటానికి ఎనభై పోట్లు. అరచెయ్యి మామూలు చోటు కాదు కదండీ, చిన్న ముల్లు దిగినా ప్రాణం విలవిల్లాడుతుంది.

అందుకని ముందు నొప్పి తెలియకుండా చెయ్యాలి. మా డాక్టరు గారి పద్ధతి ఒకటుండేది. తిమ్మిరెక్కించే తెల్లటి క్రీము అరచేతి నిండా దట్టంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, గంటసేపు కదలకుండా ఉంచాలి. తర్వాత తుడిచేసి, ఒక్కో చోట ఐసు ముక్క ఆనించి, వెంటనే సూది. అప్పటికీ ఓర్చుకోలేని వాళ్ళకి మణికట్టు దగ్గర మత్తు సూది. క్రీము, కవరు, గంట, ఐసు. సూది ఒక్కటీ డాక్టరు గారిది. మిగతా అంతా నాది. నొప్పి తగ్గించే పని మొత్తం నా చేతుల్లోనే ఉండేది.

ఆ క్రీము బందరు షాపుల్లో సరిగ్గా దొరికేది కాదు. డాక్టరు గారే తెచ్చి సొరుగులో పెట్టేవారు. తాళంచెవి నా దగ్గర. ఆ వారం సొరుగులో ఉన్నవి రెండే ట్యూబులు.

ఇప్పుడు నా కూతురి సంగతి చెప్పాలి. దాన్ని ఇందులోకి లాగటం ఇష్టం లేదు, కానీ అది లేకుండా ఈ తప్పు లేదు.

దానికి అప్పుడు మూడో ఏడు. చెవులు కుట్టించాలన్నారు. ఘంటసాలలో మా అమ్మావాళ్ళింట్లో, ఆదివారం పొద్దున్న, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి. మా అత్తగారు, ఆడపడుచులు, అందరూ వస్తున్నారు. పెద్దాడపడుచు కూతురు కిందటేడు చెవులు కుట్టించుకునేటప్పుడు ఊరంతా వినబడేలా ఏడ్చి సొమ్మసిల్లినంత పని చేసింది. నాకు అదే గుర్తొచ్చేది. నా పిల్ల అలా ఏడిస్తే నేను చూడలేను. అది ఒక్కటే అనుకుంటే బాగుండేది. నిజం చెప్పాలి కదా, ఇంకోటి కూడా ఉంది. నా పిల్ల ఏడవకపోతే ఆడపడుచు ముందు నాకు గొప్పగా ఉంటుంది. ఈ రెండిట్లో ఏది ముందు? ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నాను. ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

శనివారం సాయంత్రం సొరుగు తీసి ఆ రెండు ట్యూబులూ సంచిలో వేసుకున్నాను. ఒకటి చాలదేమోనని రెండూ. సోమవారం మళ్ళీ సొరుగులో పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?

ఆదివారం పొద్దున్నే పిల్లకి తలంటి, "వెన్న రాస్తున్నాను, చెవులు మెత్తబడతాయి" అని మా అత్తగారితో చెప్పి, రెండు చెవి తమ్మెలకీ క్రీము రాసి దూది అంటించాను. మందు రాశానని చెబితే ఆవిడ ఊరుకోదు. చెవులు కుట్టటానికి కూడా మందులేంటి, మేమంతా కుట్టించుకోలేదా అంటుంది. ముహూర్తానికి దూది తీసి తుడిచేశాను. ఆచారి గారు బంగారపు తీగ దించారు. పిల్ల నోట్లో బెల్లంముక్క చప్పరిస్తూ ఆయన మీసాలు చూస్తూ కూర్చుంది. రెండో చెవికీ అంతే. కిక్కురుమనలేదు.

"నలభయ్యేళ్ళుగా కుడుతున్నానమ్మా, ఇలాంటి పిల్లని చూళ్ళేదు. గట్టి పిండం" అన్నారు ఆచారి గారు. మా అత్తగారు దిష్టి తీసింది. ఆడపడుచు మూతి ముడిచింది. నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. అంతా నాకు తెలిసే పొంగిపోయాను, అదే విచిత్రం.

ఆ సంబరంలో ట్యూబులు అక్కడే మర్చిపోయాను. దేవుడి గూట్లో, కుంకుమభరిణె పక్కన. బందరు వచ్చాక సోమవారం కూడా గుర్తురాలేదు. మంగళవారం పొద్దున్న పదకొండు కావస్తుండగా సొరుగు తీసినప్పుడు గుర్తొచ్చింది.

అప్పటికే ఆ అమ్మాయి వచ్చి బల్ల మీద కూర్చునుంది.

సునీత అనుకుందాం. అసలు పేరు కాదు. గూడూరు దగ్గర పల్లెటూరు. వాళ్ళ నాన్న పోస్టాఫీసులో చేసేవాడు. టీచరు ట్రైనింగు పూర్తి చేసి డీఎస్సీ రాస్తోంది. కిందటిసారి పరీక్షలో గళ్ళు దిద్దే కాగితం ఆమె చేతి చెమటకి నాని, రబ్బరు పెట్టగానే చిరిగిపోయిందట. రెండు మార్కుల్లో పోయిందని చెప్పింది. ఇంకో నెలలో మళ్ళీ పరీక్ష. ఈలోగా చేతులు ఆరాలి. ఆ ఇంజెక్షను కోసమే వాళ్ళ నాన్న ఏడాది నుంచీ కూడబెట్టాడు.

చాలా మాటకారి పిల్ల. భయానికి ఇంకా ఎక్కువ మాట్లాడింది. పెళ్ళిళ్ళలో అక్షింతలు తన చేతికే అంటుకుపోతాయని, వధూవరుల మీద ఒక్క గింజా పడదని చెప్పి నవ్వించింది. ఆవకాయ కలిపే రోజున వాళ్ళ నాయనమ్మ ఆమెని వంటింటి గుమ్మం తొక్కనివ్వదట. తడిచెయ్యి తగిలితే జాడీ అంతా బూజే అని. "ఏడాదికోసారి నేను మడికి పనికిరానిదాన్నవుతానండీ" అంది. నవ్వుతూనే అంది. డాక్టరు గారు ఆమె చేతికి అయోడిను పూసి పైన గంజిపొడి చల్లారు, చెమట ఎక్కడెక్కడ పడుతుందో తెలియటానికి. చూస్తుండగానే రెండు అరచేతులూ సిరా ఒలికినట్టు నల్లబడ్డాయి. ఆమె వాటిని తిప్పి తిప్పి చూసుకుని, "ఇంత ఉందా" అంది మెల్లిగా.

"క్రీము పెట్టండి. పన్నెండింటికి మొదలెడదాం" అని డాక్టరు గారు అవతలి గదిలో పేషెంట్ల దగ్గరకి వెళ్ళారు.

నేను సొరుగు తీశాను. సొరుగు ఖాళీ.

ఎన్ని దార్లున్నాయో చూడండి. డాక్టరు గారితో ఉన్నమాట చెప్పొచ్చు. ఆయన కేకలేసే మనిషి కాదు, మహా అయితే తాళంచెవి తీసుకుంటారు. లేదంటే క్రీము అయిపోయిందండీ, ఈ అమ్మాయిని వచ్చే వారం రమ్మందాం అని చెప్పొచ్చు. అదీ అబద్ధమే, కానీ ఎవరికీ నొప్పి పెట్టని అబద్ధం. లేదంటే మణికట్టుకి మత్తు ఇవ్వమని అడగొచ్చు. ఇవన్నీ నాకు ఇప్పుడు తడుతున్నాయని అనుకుంటున్నారా? అప్పుడే తట్టాయి. ఆ నిమిషంలోనే, ఒకదాని వెనక ఒకటి. అన్నిటికీ ఒకటే అడ్డం. సొరుగు ఎందుకు ఖాళీ అయింది అనే ప్రశ్న ఎక్కడో ఒకచోట వస్తుంది.

పక్క అరలో పొడిచర్మానికి రాసే క్రీము డబ్బా ఉంది. అదీ తెల్లగానే ఉంటుంది.

తీశాను. దట్టంగా పట్టించాను. మామూలు కంటే దట్టంగా, మామూలు కంటే శ్రద్ధగా. వేళ్ళ సందుల్లోకి కూడా. కవరు చుట్టాను, టేపు వేశాను, గడియారం చూసి చీటీ మీద పదకొండు అని రాశాను. ఆ చీటీ రాసింది ఎవరి కోసం? ఎప్పుడూ రాస్తాను కాబట్టి రాశాను. చేతులకి అబద్ధం చెప్పటం ఇంత బాగా వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత స్టూలు వేసుకుని పక్కన కూర్చున్నాను. ఆ గంట అదే.

ఇరవై నిమిషాలయ్యాక ఆమె అడిగింది. "ఏమండీ, తిమ్మిరి రావాలా? నాకేం తెలియట్లేదు."

"కొందరికి తెలియదమ్మా. సూది వేసేటప్పుడు పనిచేస్తుంది."

"చల్లగా మాత్రం ఉందండీ."

"అదేనమ్మా."

ఆమె ముఖం తేటపడింది. చల్లదనమే మందనుకుంది. కవరు చుట్టిన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కదిపితే మందు పనిచెయ్యదేమోనని, ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు. నన్ను గోకమంది. గోకాను. ఇద్దరం నవ్వుకున్నాం. నేను ఆమెతో నవ్వాను. ఇదే నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది.

పన్నెండింటికి డాక్టరు గారు వచ్చి గ్లవ్సు తొడుక్కుంటూ, "గంటయిందా?" అన్నారు.

"అయిందండీ" అన్నాను. అందులో అబద్ధం లేదు. గంట అయింది.

ముందు ఎడమచెయ్యి చెయ్యమని ఆమే అడిగింది. అలవాటయ్యాక కుడిచెయ్యి ఇస్తానంది. రాసేది ఆ చేత్తోనే కాబట్టి దాన్ని భద్రంగా దాచుకున్నట్టుంది. మొదటి మూడు పోట్లకి పళ్ళు బిగించింది. నాలుగోదానికి బల్ల మీద నుంచి లేచిపోయింది. ఆ పూట కరెంటు లేదు, ఫ్రిజ్జులో ఐసు సగం నీళ్ళయిపోయింది. ఉన్న ముక్కలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. వేలి కణుపు మీద సూది దిగినప్పుడు ఆమె అరిచిన అరుపు నేను ఇక్కడ రాయలేను. బయట బెంచీ మీద వాళ్ళ నాన్న లేచి నుంచోవటం తలుపు సందులోంచి కనిపించింది.

అప్పుడు నేను ఒక మాటన్నాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని మాట అదే. మందు మార్చినదానికంటే ఇదే పెద్ద తప్పు.

"ఓర్చుకోవాలమ్మా. అందరూ ఓర్చుకుంటున్నారు."

అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు, సిగ్గుపడి. అందరూ ఓర్చుకునేది తను ఓర్చుకోలేకపోతున్నందుకు సిగ్గుపడి చూసింది. తర్వాత అరవకుండా ఉండటానికి పమిట చెంగు నోట్లో కుక్కుకుంది.

ఐసు తెమ్మన్నారు డాక్టరు గారు. చేపల బజారు పక్క సందులోనే. పరిగెత్తాను. చేపల మీద వేసే ఐసుపొడి ఒక కవరు నిండా పట్టుకొచ్చాను. దారిలో మందుల షాపు ఉంది. బందరులో దొరకదు, నిజమే. కానీ ఒకసారి అడిగి చూడొచ్చు కదా? అడగలేదు. పైగా, బయట ఎండలో ఉన్న ఆ ఐదు నిమిషాలూ నాకు హాయిగా అనిపించింది. ఆమె అరుపు వినబడదు కదా. అది కూడా ఒప్పుకుంటున్నాను.

ఎడమచెయ్యి ఎలాగో పూర్తయింది. కుడిచెయ్యి ఆమె చంకలో దాచేసుకుంది. మణికట్టుకి మత్తు సూది ఇస్తానన్నారు డాక్టరు గారు. ఆమె ఇంకో సూది మాట వినలేకపోయింది. తల అడ్డంగా ఊపుతూనే ఉంది. "ఇంక నావల్ల కాదండీ. క్షమించండి. నావల్ల కాదు."

డాక్టరు గారు మెత్తగా, ఓదార్పుగా అన్నారు. "క్రీము పెట్టాక కూడా ఇంత నొప్పి అన్నవాళ్ళని నేను చూళ్ళేదమ్మా. కొందరి తత్వం అంతే. నీ తప్పు కాదులే."

తత్వం. ఆ మంచాయన నోటితో ఆ మాట అనిపించింది నేను. నా అబద్ధం ఆయన నోట్లో పడి నిర్ధారణ అయిపోయింది. వాళ్ళ నాన్న లోపలికొచ్చి కూతురి భుజం మీద చెయ్యేసి, "పద తల్లీ, నీకు చిన్నప్పట్నుంచీ ఓపిక తక్కువేగా" అన్నాడు. ఆమె తలొంచుకుని వెళ్ళిపోయింది. ఆ కుడిచెయ్యి నుంచి చుక్కలు కారుతూ గుమ్మం దాకా పడ్డాయి. అవి తుడిచింది కూడా నేనే.

మీరు అడగొచ్చు. అరచేతి చర్మం మందం కదా, క్రీము పెట్టినా నొప్పి పూర్తిగా పోదు కదా అని. మీరు అడగకపోయినా నేను అడుక్కున్నాను, వందసార్లు. ఈ మాటని పట్టుకుని కొన్నేళ్ళు నిద్రపోయాను. నిజమే, పూర్తిగా పోదు. కానీ ఎంత పోతుందో నాకు తెలుసు. ముందూ చూశాను, తర్వాతా చూశాను. అబ్బా అంటారు, కాళ్ళు ముడుచుకుంటారు, డాక్టర్ని ఇంకెన్నండీ అని లెక్క అడుగుతారు. రెండు చేతులూ అయ్యాక లేచి మంచినీళ్ళు తాగి, బస్సుకి టైమైందంటూ వెళ్తారు. పమిట నోట్లో కుక్కుకున్నవాళ్ళని నేను ఆమెని తప్ప చూడలేదు.

తర్వాతి ఆదివారం ట్యూబుల కోసం ఘంటసాల వెళ్ళాను. దేవుడి గూట్లో ఒకటే ఉంది. రెండోది మా అమ్మ మోకాలి నొప్పికి పూసేసింది. "బాగా పనిచేసిందే, ఇంకోటి తేకూడదూ" అంది. నేను ఆ గూటి ముందు నిలబడి నవ్వాను, ఆ తర్వాత ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని అడిగింది మా అమ్మ. కళ్ళలో కుంకుమ పడిందన్నాను.

మూడు నెలలకి సునీత కోనేరు సెంటరులో కనిపించింది. పళ్ళబండి దగ్గర. నేను చూడనట్టు పోబోయాను. ఆమే పిలిచింది. డీఎస్సీ ఈసారీ రాలేదంది. మళ్ళీ కుడిచేతి కింద జేబురుమాలు పరుచుకుని రాశానంది. ఎడమచెయ్యి తెరిచి చూపించింది, పొడిగా, ముచ్చటగా ఉంది. "పనికొచ్చే చెయ్యి వదిలేసి పనికిరాని చెయ్యి బాగుచేయించుకున్నానండీ" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆ రోజు మిమ్మల్నీ డాక్టరు గారినీ చాలా ఇబ్బంది పెట్టాను. ఏమనుకోకండి" అంది.

ఆమె నన్ను క్షమాపణ అడిగింది!

"పర్వాలేదమ్మా" అన్నాను నేను.

పర్వాలేదన్నాను. ఆ మాట అనటానికి నోరెలా వచ్చింది? చెప్పటానికి అంతకంటే మంచి అదను ఉండదు. పళ్ళబండి, పగటిపూట, ఆమె ఒక్కతే. ఒక్క వాక్యం చాలు. నేను రెండు బత్తాయిలు ఎంచుకుని సంచిలో వేసుకుని, అమ్మానాన్నల్ని అడిగానని చెప్పమని వచ్చేశాను. పరీక్ష ఆ చెమట వల్లే పోయిందో, మరెందుకు పోయిందో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. తెలియకపోవటం నాకు సాయం చేస్తుందని మాత్రం అనుకోకండి.

ఆ తర్వాత నేను చాలా మంచి నర్సమ్మనయ్యాను. నవ్వకండి. నిజం. గంట అంటే గంట. కవరు తీశాక సూదిమొనతో తాకి, తెలుస్తోందా అని అడక్కుండా డాక్టర్ని పిలిచేదాన్ని కాదు. ఐసు రెండు ఫ్లాస్కుల్లో సిద్ధంగా ఉంచేదాన్ని. నీ చెయ్యి చల్లనిది అని ఎంతమంది అన్నారో. అన్న ప్రతిసారీ "చల్లగా మాత్రం ఉందండీ" అన్న గొంతు వినబడేది. ఇంతమందికి మేలు చేస్తే ఆ ఒక్కటీ చెల్లిపోతుందా? చెల్లదని నాకు తెలుసు. మేలు పొందినవాళ్ళలో ఆమె లేదు.

ఇంట్లో చూస్తే నా కూతురి కథ. ప్రతి పెళ్ళిలో, ప్రతి పేరంటంలో ఎవరో ఒకరు ఎత్తుతారు. "చెవులు కుట్టేటప్పుడు కిక్కురుమనని పిల్లండీ ఇది." అది గర్వంగా తలెత్తుకునేది. ఆ కథ వినీ వినీ నిజంగానే ధైర్యవంతురాలయింది. సైకిలు మీద నుంచి పడ్డా ఏడ్చేది కాదు, చెట్లెక్కేది, ఇప్పుడు ఒంటరిగా ఎక్కడికైనా వెళ్తుంది. ఒక పిల్లని నువ్వు గట్టిదానివని నమ్మించాను, అది గట్టిదయింది. ఇంకో పిల్లని నువ్వు మెత్తదానివని నమ్మించాను. ఆమె ఏమైందో ఆలోచించటానికే భయపడ్డాను. రెండూ ఒకే ట్యూబు వల్ల.

ఏమైందో కిందటి నెలలో చూశాను.

ఘంటసాల నుంచి వస్తూ పామర్రులో బస్సు మారాలి. బస్టాండులో బెంచీ మీద కూర్చునుంటే ఒకామె "నర్సమ్మగారు కదూ" అంది. సునీత. జుట్టు కొంచెం నెరిసింది. పక్కన పదహారేళ్ళ కూతురు. గుడివాడలో ఉంటున్నారట. ఇంటి దగ్గరే ట్యూషన్లు చెబుతుందట. ఆ పిల్ల ఒళ్ళో చున్నీ ముద్దచేసి పట్టుకుని ఉంది. చూడగానే తెలిసింది నాకు. చున్నీ కొస తడిసి రంగు మారి ఉంది.

"దీనికీ నా చేతులే వచ్చాయండీ" అంది సునీత. "కాగితాలన్నీ తడిపేస్తోంది. ఇంజెక్షను చేయించమంటుంది. వద్దన్నాను. నాకు తెలుసుగా ఆ బాధ. మా రక్తంలోనే ఓర్పు లేదండీ. నువ్వు తట్టుకోలేవు, ఊరుకోవే అంటే వినదు."

మా రక్తంలోనే. నేను ఒక డబ్బాలోంచి తీసి పూసిన అబద్ధం ఒక వంశం రక్తంలోకి వెళ్ళిపోయింది. ఆ పిల్ల తల దించుకుని చున్నీ ఇంకా గట్టిగా ముద్ద చేసింది.

నేను లేవబోయాను. అలవాటు కదా. కాఫీ తాగొస్తానని చెప్పబోయాను. ఆ తడిసిన చున్నీ చూసి మళ్ళీ కూర్చున్నాను.

"ఆ రోజు మీకు క్రీము పెట్టలేదండీ" అన్నాను. "తిమ్మిరి మందు ట్యూబులు నేను మా పిల్ల చెవులు కుట్టటానికి ఇంటికి తీసుకెళ్ళాను. అక్కడే మర్చిపోయాను. మీ చేతులకి రాసింది ఉత్త క్రీము. డాక్టరు గారికి తెలియదు. ఆ నొప్పి ఎవరూ ఓర్చుకోలేరండీ. అందరూ ఓర్చుకుంటున్నారని నేను అబద్ధమాడాను."

బస్టాండులో మైకు ఏదో చెబుతోంది. సునీత తన ఎడమచెయ్యి తెరిచి చూసుకుంది. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట ఆరునెలలు పొడిగా ఉన్న చెయ్యి. మళ్ళీ మూసింది.

"నా ముక్కు గోకారు మీరు" అంది.

తిట్టినా బాగుండేది. నేను తలాడించాను. క్షమించమని నోటిదాకా వచ్చింది, ఆపేశాను. ఒకసారి ఆమె నన్ను క్షమాపణ అడిగితే పర్వాలేదన్నదాన్ని. ఇప్పుడు నేను అడిగితే ఆమె కూడా పర్వాలేదనాల్సి వస్తుంది. అంత మర్యాదస్తురాలు. ఆ మర్యాదని ఇంకోసారి వాడుకోవటం ఇష్టం లేకపోయింది.

గుడివాడ బస్సు వచ్చింది. ఆమె సంచీ తీసుకుని లేచి నన్ను చూడకుండానే నడిచింది. కూతురు మాత్రం రెండడుగులు వేసి ఆగింది. నా వైపు తిరిగింది.

"ఆ మందు ఎంతసేపు ఉంచాలి ఆంటీ?"

"గంట" అన్నాను. "కవరు చుట్టి పూర్తిగా గంట. తర్వాత ఐసు. అప్పటికీ నొప్పిగా ఉంటే మణికట్టు దగ్గర మత్తు ఇమ్మని అడుగు. నొప్పి పుడితే పుట్టిందని గట్టిగా చెప్పు. ఓర్చుకోమని ఎవరన్నా వినకు."

సునీత బస్సు మెట్ల మీద ఆగి వింది. వింటోందని నాకు తెలుసు, ఎందుకంటే కండక్టరు లోపలికి పదమన్నా కదల్లేదు. చివరికి వెనక్కి చెయ్యి చాపింది. ఆ చెయ్యి నాకోసం కాదు. కూతురు చున్నీ వదిలేసి ఆ చెయ్యి పట్టుకుంది, తడిచెయ్యి తడిచేతిలో, ఇద్దరూ ఎక్కారు.

వాళ్ళు ఇంజెక్షను చేయించారో లేదో తెలియదు. సునీత నా గురించి ఏమనుకుంటోందో తెలియదు. తెలుసుకునే హక్కు నాకు లేదు. ఇంటికొచ్చి నా కూతురికి ఫోను చేసి చెవుల సంగతి కూడా చెప్పేశాను. "అయితే నేనేం గట్టిదాన్ని కాదన్నమాట" అంది, నవ్వకుండా. ఆ రోజు నుంచి దాని ఫోన్లు కొంచెం తగ్గాయి.

ఇవన్నీ మీకు ఎందుకు చెప్పానంటే, నోటితో ఒకసారి చెప్పాక కూడా రాసి పెట్టాలనిపించింది. పదకొండు అని ఆ రోజు చీటీ మీద రాసినట్టు. ఆ చీటీ అబద్ధం. ఇది దాని పక్కన పెట్టే రెండో చీటీ. ఆ అమ్మాయికి నొప్పి పుట్టింది. అది ఆమె తత్వం కాదు. నేను మందు రాయలేదు.